వైశాఖంలో పూల విత్తనాలు

ఒడిశాలో గుణుపురం, పర్లాకిమిడి వైపు ఎండలు ముదిరాక విత్తనాల మాటెత్తితే "వానలు పడనీ" అంటారు. వానల్లో చిన్న గింజ కొట్టుకుపోతుంది. నారు ఇప్పుడే పోసుకుని తొలకరికి నాటుకోవడం మేలు. పెటూనియా, ఫ్లాక్స్ చలికాలపు పూలు, వాటిని దసరా దాకా ముట్టుకోకండి. బంతి, జినియా, కాస్మాస్, సీతమ్మజడ, బొగడబంతి వేడిని తట్టుకుంటాయి. ఏప్రిల్ చివర్లో వేసిన జినియా రథయాత్ర రోజులకు పూస్తుంది.

తట్టుకునేది మొక్క, మొలక కాదు. బంతి గింజ 20–30 డిగ్రీల్లో 4–7 రోజులకు మొలుస్తుంది. ఎండలో పెట్టిన నల్ల తొట్టెలో మట్టి 40 దాటుతుంది, గింజ ఉబ్బి, అక్కడే ఎండిపోతుంది. కాబట్టి పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చూరు కింద పెట్టండి, సాయంత్రపు గాలివానా వడగళ్లూ కూడా తగలవు. కొరాపుట్ వాళ్లకు ఇంత తంటా లేదు, అది సుమారు 900 మీటర్ల ఎత్తు, చల్లగా ఉంటుంది.

జల్లించిన ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) సమపాళ్లు. ఉత్త ఎర్రమట్టి ఆరితే పెచ్చు కడుతుంది, లేత మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. బంతి, జినియా పావు అంగుళం లోతు చాలు. సీతమ్మజడ గింజల్ని ఇసుకలో కలిపి చల్లి, పైన పలచగా ఇసుక రాల్చాలి. బొగడబంతి గింజకు దూదిలాంటి పొర ఉంటుంది, రాత్రంతా నానబెట్టండి. అయినా రెండు వారాలు పట్టొచ్చు. టేబుల్ రోజ్‌కు వెలుతురు కావాలి, అసలు కప్పకూడదు.

పైనుంచి నీళ్లు పోస్తే గింజలన్నీ ఓ మూలకు చేరతాయి. తొట్టెను నీళ్ల పళ్లెంలో కాసేపు ఉంచితే కిందినుంచి తడి ఎక్కుతుంది. తర్వాత పళ్లెంలో ఇటుక పెట్టి, తొట్టెను దానిమీద ఉంచితే చీమలు గింజల్ని మోసుకుపోవు. టేబుల్ రోజ్ తప్ప మిగతా వాటిమీద తడి గోనె కప్పండి. మొలక కనబడ్డ పూటే తీసెయ్యాలి, లేకపోతే తెల్లగా సాగి వాలిపోతాయి.

మొదలు దారంలా సన్నబడి మొలక పడిపోతే అది నారుకుళ్లు. ఒత్తుగా విత్తడం, ఎప్పుడూ చిత్తడిగా ఉంచడం వల్లే వస్తుంది. పడినవి తీసేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మట్టి తడపండి.

నాలుగైదు ఆకులొచ్చాక, సాయంత్రం పూట నాటండి. పెద్ద బంతికి 40 సెంటీమీటర్ల ఎడం, జినియాకు 30. జినియా వేరు కదిలిస్తే అలుగుతుంది, కాగితం కప్పుల్లో విత్తితే ఆ గొడవ లేదు. కాస్మాస్‌కు గెత్తం ఎక్కువైతే ఆకులే తప్ప పూలుండవు. బంతిని నాటిన మూడు నాలుగు వారాలకు తల తుంచితే పక్కకొమ్మలు బాగా వస్తాయి, కానీ పూత వెనకబడుతుంది. తొందరుంటే సగం మొక్కల్ని తుంచకుండా వదిలెయ్యండి.