మధ్య సీల

ఆదివారం, రాత్రి

సారువాళ్ళ పాత తుపాకీకి, గొట్టాన్ని కర్రకు పట్టి ఉంచే మధ్య సీల ఈరోజు కూర్చుంది. బొటనవేలితో నొక్కితే ముప్పావు వంతు దానంతటదే లోపలికి పోయింది. మిగతాది ఇత్తడి పంచ్ పెట్టి చిన్న సుత్తితో తడితే సరిపోయింది. దాన్ని దెబ్బ అని కూడా అనలేం. అప్పటి నుంచి మనసు తేలికగా ఉంది, అందుకే నిద్ర ఆపుకొని రాస్తున్నాను.

లేతు షాపులో మాకు మామూలుగా వచ్చే పనులు వేరు. రొయ్యల చెరువుల ఏరేటర్ షాఫ్టులు, మోటారు బుష్‌లు, ట్రాక్టరు పిన్నులు. వాటికి కొలత ఇస్తే చాలు, పాతది పారేసి కొత్తది దిగ్గొడతాం. ఈ తుపాకీ అలాంటిది కాదు. ఇందులో పాతది ఏదీ పారేయకూడదు.

ఉదయగిరి నుంచి రిటైరైన సారు ఒకాయన దుప్పట్లో చుట్టి తెచ్చారు. వాళ్ళ తాతల నాటి నుంచి ఇంట్లో గోడకు ఉందట. తుపాకీ అనగానే మా ఇంట్లో ఆమెకు టెన్షన్. "ఏందండీ ఇది, పోలీసులొస్తే?" అంది. ఆ మాట నేను సారును ముందే అడిగాను. గొట్టం లోపల సీసం పోసి మూసేశారు, వెనక నిప్పు పోయే రంధ్రానికి వెల్డింగ్ పెట్టారు. ఎంత రిపేరు చేసినా అది మళ్ళీ పేలదు. పాతబడిపోయి, బాగుచేసినా పేలని ఇలాంటి వాటికి 1959 ఆయుధాల చట్టం వర్తించదని 45వ సెక్షన్‌లో ఉంది. సారు స్టేషన్‌లో చూపించి రాయించుకున్న కాగితం కూడా తెచ్చారు. అది చదివాకే దుప్పటి విప్పాను. పేలే తుపాకీ అయితే లైసెన్సు ఉన్న మరమ్మతు షాపువాళ్ళే చేయాలి, నేను ముట్టుకోను. ఈ విషయంలో మొహమాటానికి పోకూడదు.

విప్పి చూస్తే బ్రౌన్ బెస్ రకం, అప్పటి ఇంగ్లీషు సైనికులు మోసిన పొడుగాటి తుపాకీ. గుర్రం అనే కొట్టే సుత్తి పక్కన పలక మీద ఈస్టిండియా కంపెనీవాళ్ళ సింహం గుర్తు అరిగిపోయి, చేతికి తెలుస్తోంది గానీ కంటికి సరిగా ఆనడం లేదు. మొదట చెకుముకి రాయితో పేలేదాన్ని తర్వాత ఎవరో, గుర్రం కొడితే పేలే మందు క్యాపు పద్ధతికి మార్చారు. గొట్టం కొలిస్తే 39 అంగుళాలు. ఈస్టిండియా కంపెనీ తన సిపాయిల కోసం చేయించుకున్న కొలత అది. అంతకు ముందు ఇంగ్లండు సైన్యం వాడిన గొట్టాలు 42 అంగుళాలు, ఇంకా ముందువి 46. ఫ్రాన్సుతో యుద్ధం వచ్చి తుపాకులు చాలకపోయేసరికి వాళ్ళు కూడా 1797 నుంచి ఈ కంపెనీ నమూనానే చేయించారు. ఇండియా ప్యాటర్న్ అనే పేరు అలా వచ్చిందే.

ఉదయగిరి ఇంట్లో ఇది ఉందంటే నాకు ఆ కోట గుర్తొచ్చింది. రాయలవారు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కొండ. ఆ కథ అందరికీ తెలుసు. 1839లో అక్కడి జాగీర్దారును కుట్ర చేశాడని కంపెనీవాళ్ళు దించేసి చెంగల్పట్టుకు పంపారన్న సంగతి మాత్రం ఊళ్ళో కూడా ఎక్కువమంది చెప్పుకోరు. ఈ తుపాకీ అప్పుడు ఎవరి చేతిలో ఉందో, కంపెనీ సిపాయి భుజం మీదో, కోటలో గోడకు ఆనించో. దానికి ఆధారం లేదు కాబట్టి సారుతో అనలేదు. అయినా పని చేస్తున్నంతసేపూ తలలో తిరుగుతూనే ఉంది.

ఇక అసలు గొడవ. తర్వాత వచ్చిన 1853 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకీలో గొట్టాన్ని కర్రకు ఇనుప పట్టీలు వేసి బిగించారు. దీనికి పట్టీలు లేవు. గొట్టం అడుగున చిన్న చిన్న చెవులు అతికి ఉంటాయి. కర్రలో ఒక పక్క నుంచి సీల దూర్చితే అది చెవి రంధ్రంలోంచి పోయి రెండో పక్క తేలుతుంది. ఎద్దుల బండి చక్రానికి కడచీల ఎలాగో, ఈ గొట్టానికి ఆ సీలలు అలాగ. సన్నగా కంటికి ఆనవు గానీ అవి లేకపోతే ఏదీ నిలవదు.

రెండేళ్ళ కిందట సారు దాన్ని వేరే ఊళ్ళో ఒకచోట బాగుచేయించారు. పైకి చూస్తే మెరుపే మెరుపు. కానీ మధ్య సీల దగ్గర గొట్టం కదులుతోంది, కర్ర పెచ్చు లేచింది. ఊడదీస్తే విషయం తెలిసింది. గొట్టం పడుకునే గాడిలో చెదలు తిన్న చోట పుట్టీ నింపారు. నింపినవాళ్ళు దాన్ని గాడి మట్టానికి చెక్కకుండా వదిలేశారు. దాంతో గొట్టం అక్కడ ఎత్తయింది. వెనక పెద్ద స్క్రూ పట్టి ఉంచుతుంది, ముందు కర్ర పలచన కాబట్టి వంగి సర్దుకుంది. మధ్యలో మాత్రం కర్ర రంధ్రం కిందికీ చెవి రంధ్రం పైకీ అయిపోయాయి. తేడా అర మిల్లీమీటరు ఉంటుందేమో. ఆ అర మిల్లీమీటరు కోసం ఎవరో పాత సీల తీసేసి, మేకు ముక్క పెట్టి సుత్తితో బాదారు. మేకు లోపల వంగి, అవతలి పక్క కర్రను పగలగొట్టుకొని బయటికొచ్చింది.

రెండు వందల ఏళ్ళు నిలిచిన కర్ర అది. చూసి కడుపు రగిలింది. సీల పోకపోతే సీల తప్పు అనుకోవడమే మన పనివాళ్ళలో పెద్ద జబ్బు. పోలేదంటే ఎక్కడో ఏదో అడ్డం ఉందని అర్థం. ఆ అడ్డం వెతకాలి గానీ బలం పెంచితే ఎట్లా? ఎక్కడైనా ఒకటి అరగాలంటే, తగ్గాలంటే, అది మనం ఈరోజు చేసిన కొత్త ముక్క కావాలి. పాతదాన్ని కొత్తదానికి సరిపడేలా కోయడం నా వల్ల కాదు.

వంగిన మేకును రెండు వైపులా కోసి ముక్కలుగా లాగాను. పుట్టీని సన్న ఉలితో గీరాను. ఎక్కడ ఆపాలో తెలియడానికి మా ఆమె కాటుక డబ్బా అడిగి తెచ్చుకున్నాను. గొట్టం అడుగున వేలితో పలచగా కాటుక రాసి, గాడిలో మెల్లగా పెట్టి, నిలువుగా పైకెత్తితే తగిలిన చోటల్లా నల్ల మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఉన్నంత మేరే గీరడం, తుడవడం, మళ్ళీ రాయడం. మొదట్లో మచ్చ ఒకే చోట రూపాయి బిళ్ళంత ముద్దగా పడింది. పోనుపోను సన్నబడి, చివరికి గాడి పొడుగునా అక్కడక్కడా చుక్కలుగా వచ్చింది. గొట్టం కర్రలో పడుకుందని చెప్పేది ఆ చుక్కలే. అప్పుడు రంధ్రంలో సూది పెట్టి చూస్తే ఇవతలి కర్రలోంచి చెవిలోకి నేరుగా పోయింది. షాపులో మా చిన్నోడు "అన్నా, తగల్లా!" అని అరిచాడు. వాడిక్కూడా పట్టుకుంది ఈ పని.

అవతలి పక్క పగిలిన చోటికి గట్టి కర్ర బిరడా కావాలి. బజారులో దొరికే టేకు ముక్క వేయబుద్ధి కాలేదు. సారును అడిగితే ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసే అక్క ఒకామెకు చెప్పారు. దుర్గంపల్లి వైపు అంతా ఆ పనే కదా, నర్ది, బిక్కి లాంటి కొండ కర్రతో గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు ఆకురాయితో చేత్తో తీరుస్తారు. కొలత ఫోన్లో చెప్తే ఆమె "గుండ్రంగా కావాల్నా, కొంచెం కోసుగా కావాల్నా?" అని అడిగింది. తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్న అది. కోసుగా ఉంటే బిగుసుకుంటుంది. స్పూను కాడ తెగ్గొట్టిన బిక్కి ముక్కను పెన్సిలంత లావుగా, ఒక కొస సన్నంగా తీర్చి బస్సులో పంపింది. ఆత్మకూరు మీదుగా పొద్దున బస్సుకు వచ్చింది. డబ్బులు ఎంతక్కా అంటే, ఇంత ముక్కకు డబ్బులేందబ్బా అంది. సారు చేత ఇప్పించాను.

దాన్ని వడ్రంగులు వాడే వజ్రం బంకతోనే, అంటే తోలు ఉడికించి తీసే జిగురుతోనే అతికించాను. రేపు ఎవరైనా మళ్ళీ విప్పాల్సి వస్తే వేడినీళ్ళ తడికి వదులుతుంది. ఈ మధ్య వచ్చే గట్టి బంకలు వేస్తే పక్క కర్రను పీక్కొని గానీ రావు. అసలే కార్తీకం వానలు, నెల్లూరు గాలిలో తేమ. బంక ఆరడానికి మామూలు కన్నా ఎక్కువ టైమే పట్టింది. అందుకే ఈరోజు దాకా ఆగాను.

బిరడాలో రంధ్రం మెషిన్ మీద వేయలేదు. ఇవతలి కర్ర రంధ్రం బాగుంది, చెవి రంధ్రం బాగుంది. ఆ రెండే దారి చూపిస్తాయి. సన్న డ్రిల్లు బిట్టును చేతిపిడిలో బిగించి, ఇవతల నుంచి దూర్చి, వేళ్ళతో తిప్పుతూ పోయాను. చెవి దాటాక బిట్టు కొనకు కర్ర తగలడం వేళ్ళకు తెలిసింది. సన్న పొడి రాలింది. వెలుతురులో పెట్టి చూస్తే అవతలి కిటికీ కనిపించింది.

సీల మెత్తటి ఇనుముతో తీశాను, రెండున్నర మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. గట్టి ఉక్కు వేస్తే ఎప్పుడైనా ఒత్తిడి వచ్చినప్పుడు చెవి అరుగుతుంది. మెత్తనిదైతే సీలే అరుగుతుంది, మార్చుకోవచ్చు. చెవిలో వదులుగా తిరగాలి, కర్రలో మాత్రం పట్టు ఉండాలి. రెండు కొసలూ గుండ్రంగా అరగదీసి, పొడవు రెండు వైపులా అర మిల్లీమీటరు లోపలికి ఉండేలా చూసి, మైనం రాసి పెట్టాను. గొట్టం పట్టుకొని ఊపితే చప్పుడు లేదు.

మిగతా సీలలు పాతవే, బాగానే ఉన్నాయి. ఏది ఏ రంధ్రందో, ఏ వైపు నుంచి వచ్చిందో అట్టముక్క మీద రాసుకొని ఉన్నవి ఉన్నట్టే పెట్టేశాను.

సాయంత్రం సారు ఫోన్ చేశారు. "గొట్టానికీ పలకకూ ఇంకొంచెం మెరుపు పెట్టిస్తే బాగుంటుందేమో నాయనా?" అన్నారు. వద్దు సార్, ఇప్పటికే ఎక్కువ రుద్దారు, సింహం గుర్తు ఇంకాస్త రుద్దితే పూర్తిగా పోతుంది అన్నాను. కాసేపు ఆలోచించి సరేనన్నారు. గోడకు తగిలించేటప్పుడు ఒకే మేకు మీద వేలాడదీయకుండా రెండు చోట్ల చెక్క ఆసరా పెట్టమని, వానాకాలంలో గుడ్డతో నూనె చేయి తిప్పమని చెప్పాను. గురువారం వస్తారట. ఆలోపు ఏ సీల కొత్తది, బిరడా ఏ కర్ర, ఏ బంక వాడాను అన్నీ ఒక కాగితం మీద బొమ్మ వేసి రాసివ్వాలి. గొట్టం కింద కర్రలో ఉండాల్సిన, గొట్టంలోకి మందు కూరే పొడుగాటి పుల్ల లేదు, ఖాళీ గాడి ఒక్కటే ఉంది. దానికి కూడా ఆ ఉదయగిరి అక్కనే అడగాలి.