బండి ఆరేదాకా

ఆదివారం.

వారం పొడుగునా పట్టిన ముసురు ఈ పొద్దు తెరిపిచ్చింది. కార్తీకమాసంలో తిరుపతి ఇంతే. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పడం ఆలస్యం, రేణిగుంట రోడ్డు నుంచి అలిపిరి దాకా ఎక్కడ చూసినా ఎర్ర బురదే. నా బండి మడ్‌గార్డు లోపల ఆ మట్టి పెచ్చులు కట్టి ఉంది. రేపు పొద్దున కొండ మీద డ్యూటీ. ఈ బురదతో ఘాట్ ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. అందుకే ఈ పూటంతా బండికే ఇచ్చేశాను.

మార్కెట్ నుంచి రాగానే వేపచెట్టు నీడలో స్టాండ్ వేసి, టిఫిన్‌కి కూర్చున్నాను. సైలెన్సర్ మీద అరచేయి ఆనించగలిగేంత చల్లారితే తప్ప నీళ్లు పోయను. కాలుతున్న బ్రేక్ డిస్క్ మీద చన్నీళ్లు పడితే అది వంకరపోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత బ్రేక్ పట్టినప్పుడల్లా లివర్ అదురుతూనే ఉంటుంది.

సైలెన్సర్ మూతికి ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేస్తుంటే పక్కింటి డిగ్రీ అబ్బాయి వచ్చి నిలబడ్డాడు.

"ఎందుకన్నా ఈ తిప్పలు? వాటర్ సర్వీసుకి ఇస్తే ప్రెషర్‌తో కొట్టి పది నిమిషాల్లో ఇచ్చేస్తారు గదా?"

"కడగడం పది నిమిషాల్లో అయిపోతుంది రా. లోపలికి పోయిన నీళ్లను ఎవరు బయటికి తీస్తారు?"

వాడికి చూపించాను. చక్రం మధ్యలో బేరింగ్, దాని మీద సన్నటి రబ్బరు సీలు. ఆ సీలు ఆపగలిగేది వాన నీళ్లని, దగ్గర నుంచి గురిపెట్టి కొట్టే ప్రెషర్‌ని కాదు. ఒక్కసారి నీళ్లు చొరబడితే గ్రీజు పాడై లోపల తుప్పు మొదలవుతుంది. హ్యాండిల్ కింద ఉండే బేరింగులదీ, స్విచ్చులదీ అదే కథ. సర్వీసు వాళ్లని తప్పుబట్టడం లేదు. పైపు కాస్త దూరంగా పట్టమని దగ్గరుండి చెప్పుకుంటే వాళ్ల దగ్గరా బాగానే అవుతుంది. నాకు మగ్గు, బకెట్ చాలు.

కడగడం గురించి పెద్దగా రాయడానికేమీ లేదు. ముందు నీళ్లు ధారగా పోసి మట్టిని నాననివ్వాలి. పొడి మట్టి మీద గుడ్డ రుద్దితే ఆ ఇసుకే ట్యాంకు మీద గీతలు గీస్తుంది. బట్టల సర్ఫు వాడను, రంగు మీది మెరుపు పోతుంది. షాంపూ నీళ్లకి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకొకటి. ట్యాంకు, సీటు, తర్వాత ఇంజిన్, చివరికి చక్రాలు. చక్రాలకి వేరే గుడ్డ.

చైన్ దగ్గర మాత్రం తొందరపడను. ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ బ్రష్షుతో రుద్దాను. ఆ అబ్బాయి సాయం చేద్దామని "స్టార్ట్ చేసి గేరులో వేస్తే దానంతటదే తిరుగుతుంది గదన్నా" అన్నాడు. వద్దంటే వద్దని గట్టిగానే చెప్పాను. గుడ్డ కొస చైన్‌లో పడితే దాంతో పాటు వేళ్లనూ స్ప్రాకెట్ పళ్ల మధ్యకి లాగేస్తుంది. చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి కూడా ఉండదు. వాడు రేపు సొంత బండి కొనుక్కున్నాక ఇంకేది మరిచినా ఈ మాట మరవకూడదు.

ఇక ఆరబెట్టడం. అసలు సమయమంతా దీనికే పట్టింది. మాది బోరు నీళ్లు, సబ్బు నురగ సరిగ్గా రానంత కఠినం. చుక్క ఎక్కడ ఆరితే అక్కడ సున్నం మచ్చ నిలుస్తుంది. నల్ల ట్యాంకు మీద ఆ మచ్చలు వరసగా కనిపిస్తాయి. అందుకే చివరి రెండు బకెట్లు కొళాయి నీళ్లు పట్టి పోశాను, గుడ్డతో తుడవడం కూడా నీడలోనే చేశాను. తలంటిన పిల్లకి కుదుళ్ల దాకా తుడిచినట్టు, ఇక్కడ కూడా కంటికి కనబడని చోట్లే తుడవాలి: ట్యాంకు మూత చుట్టూ ఉన్న గాడి, సీటు కింద బ్యాటరీ చుట్టుపక్కల, ఫుట్‌రెస్ట్ రబ్బరు అడుగు, నట్ల తలల్లో నిలిచిన నీళ్లు. బండిని అటోసారి ఇటోసారి వంచితే ఎక్కడెక్కడి నుంచో ధార కారింది. కవరు విప్పి ఇంజిన్ కొద్దిసేపు ఆన్ చేసి ఉంచాను. ఆ వేడికి ఇంజిన్ చుట్టూ రెక్కల్లా ఉండే ఫిన్ల మధ్య తడి ఆవిరైపోయింది. చైన్ పూర్తిగా ఆరాక, ఇంజిన్ మళ్లీ ఆపేసి, లోపలి వైపు చైన్‌కి వేసే నూనె స్ప్రే (లూబ్) కొట్టి, టైరు మీద, వెనక బ్రేక్ డ్రమ్ మీద తుంపర పడకుండా వెనకాల అట్ట ముక్క అడ్డం పెట్టాను.

ఆరినట్టు కనబడినా బ్రేకులు ఆరినట్టు కాదు. ముందు డిస్క్ తడి తొందరగానే పోతుంది. వెనక డ్రమ్‌లోకి నీళ్లు చేరితే కాసేపు పెడల్ నొక్కినా బండి జారుతూనే పోతుంది. మా వీధిలో జనం లేని వేళ చూసి, మెల్లగా పోతూ, రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పడుతూ వదులుతూ పోయాను. మొదట రెండు మూడు సార్లు పట్టు వదులుగా ఉంది. తర్వాత కుదిరింది. కుదిరాకే మెయిన్ రోడ్డెక్కాను. కపిలతీర్థం వైపు మళ్లితే జలపాతం చూడటానికి వచ్చినవాళ్లతో రోడ్డు సగం నిండిపోయింది.

నేను రోజూ దిగేది 1944లో తెరిచిన పాత ఘాట్. 1974లో రెండోది వచ్చాక అది ఎక్కడానికి, ఇది దిగడానికి అయింది. మలుపు వెంట మలుపు. చిన్న గేరులో ఇంజిన్‌తో ఆపుకుంటూ వచ్చినా బ్రేక్ పని బ్రేక్‌దే. మోకాళ్ల పర్వతం దగ్గర నడకదారి భక్తులు రోడ్డు పక్కనే, వట్టి కాళ్లతో, చంకలో పిల్లల్నేసుకుని, గోవిందా అనుకుంటూ నడుస్తుంటారు. వాళ్ల పక్కనుంచి పోయేటప్పుడు నా బ్రేక్ మీద నాకు అనుమానం ఉండకూడదు. బండి కడిగిన రోజు ఇంత ఓపిక పట్టేది దానికే.

సాయంత్రం ఇంటికొచ్చాక బండి మీద కవరు కప్పలేదు. సందుల్లో తడి ఏమన్నా మిగిలి ఉంటే కవరు కింద ఉక్కిరిబిక్కిరై తుప్పుకి దారిస్తుంది. వరండాలోకి తోసి గాలి తగిలేలా నిలబెట్టాను. రేపు అలిపిరి దారిలో బంకు దగ్గర ఆగి టైర్లలో గాలి చూపించుకోవాలి, వెనక టైరు కాస్త మెత్తగా అనిపించింది.