ముగింపు తెలిసిన కథలో హీరోని విలన్ చేయడం

వెండితెర నవలలు మనకు పాత అలవాటే. సినిమా చూసినవాళ్లే వాటిని మళ్లీ కొని చదివేవాళ్లు. వీడియో గేమ్ ఆధారంగా రాసే నవలకూ అదే చిక్కు: చివర ఏమవుతుందో పాఠకుడికి ముందే తెలుసు. 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3 ఆడినవాళ్లందరికీ యువరాజు ఆర్థస్ కన్నతండ్రిని చంపుతాడని తెలుసు. 2009లో క్రిస్టీ గోల్డెన్ అతని మీద నవల తెచ్చేనాటికి దాచడానికి రహస్యమే లేదు. నెల్లూరు, ఒంగోలు వైపు ఇలాంటి కథ రాయాలనుకునే కుర్రాళ్లు ఆ నవలను విప్పి చూడాలి.

ముందుగా మార్చడానికి వీల్లేని ఘట్టాలు వరసగా రాసుకోండి. ఆర్థస్‌కి ముఖ్యమైనవి నాలుగు: స్ట్రాథోమ్ నగరంలో ఊచకోత, తిరుగు ప్రయాణపు ఓడలు తగలబెట్టించడం, ఫ్రాస్ట్‌మోర్న్ అనే శాపం ఉన్న కత్తి అందుకోవడం, తండ్రి హత్య. వీటి మధ్య ఖాళీలే మీ సొంతం. గోల్డెన్ అందులో ఒక గుర్రాన్ని పెంచారు. అది పుట్టడం ఆర్థస్ చిన్నప్పుడు కళ్లారా చూస్తాడు. పెద్దయ్యాక మంచులో దూకిస్తే దాని కాళ్లు విరుగుతాయి, తనే చంపాల్సి వస్తుంది. ప్రేమించినదాన్ని చంపడం కూడా దయే అనే లెక్క అక్కడ మొదలవుతుంది. స్ట్రాథోమ్‌లో అదే లెక్క మనుషుల మీద వేస్తాడు.

చాలామంది కథ చెడగొట్టుకునేది కత్తి దగ్గర. పాపమంతా శాపం మీదికి నెడితే హీరో బాధితుడైపోతాడు, విలన్ కాడు. గేమ్‌లో వరస చూడండి. తెగులు ధాన్యం తిన్నవాళ్లు పిశాచాలవుతారని, ఇంకా మారనివాళ్లను కూడా నరికేయమంటాడు ఆర్థస్. గురువు ఊథర్ ఒప్పుకోడు, అతను ప్రేమించిన జైనా వెళ్లిపోతుంది. తర్వాత ఓడలు తగలబెట్టించి, ఆ నేరం కిరాయి మూక మీద వేస్తాడు. కత్తి ఇంకా చేతికి రాలేదు!

ఇదే కథను మన ఉప్పుటేటి పక్క రొయ్యల గుంటల్లో పెట్టి చూద్దాం. హీరో రైతు సంఘం పెద్ద. ఒక గుంటలో వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు కనపడింది. అది 3 నుంచి 10 రోజుల్లో గుంటంతా ఊడ్చేయగలదు. క్లోరిన్ వేయకుండా ఆ నీళ్లు కాలవలోకి వదిలితే, కాలవ నీళ్లు తోడుకునే పక్కవాళ్ల పంటా పోతుంది. మొదటి మెట్టు: తన గుంటకే బ్లీచింగ్ వేసి, పంటను తనే చంపుకుంటాడు. అందరూ మెచ్చుకుంటారు. రెండో మెట్టు: జబ్బు ఖాయమైన ఇంకొకరి గుంటకు బలవంతంగా వేయిస్తాడు. సగం మంది సరే అంటారు. మూడో మెట్టు: అనుమానం ఉన్న గుంటకు రాత్రిపూట తనే వేస్తాడు. మూడు చోట్లా అదే మాట: "ఈ గుంట ఒక్కటి పోతే ఊరంతా మిగులుద్ది మావా."

ఎదురు చెప్పే మావను చేతగానివాడిగా రాయకండి. "పీసీఆర్ టెస్టు రిపోర్టు రానీ అబ్బయ్యా, ఆ మాత్రం ఆగలేవా?" అనాలి. ఆ మాటకు హీరో దగ్గర జవాబు ఉండకూడదు. ఊథర్ పాత్ర నిలబడింది అందుకే, అతను చెప్పింది సరైన మాట.

24 అధ్యాయాలు వేసుకుంటే, వెనక్కి తీసుకోలేని పని 12, 13 దగ్గర పడాలి. 6లోనే పడితే పాఠకుడికి అతని మీద ఇంకా మమకారం పుట్టదు. 20కి జరిపితే విలన్‌గా బతకడానికి చోటుండదు. యుద్ధాలను గేమ్‌లో ఉన్నట్టే దించకండి. నిర్ణయం మారని పోరాటానికి ఒక్క పేరా చాలు.

హీరో విలన్‌గా పడిపోయాక అతని భాష మార్చకూడదు. మామూలుగా మనవాళ్లు ఇక్కడే అరుపులు, నవ్వులు పెడతారు. ముందు "మావా, మీరు కూర్చోండి" అన్నవాడు బ్లీచింగ్ బస్తా విప్పేటప్పుడూ "మీరు" అనే అనాలి. అప్పుడే భయం వేస్తుంది.

తండ్రి హత్యలాంటి ఆఖరి ఘట్టం పొట్టిగా ఉండాలి. గేమ్‌లో గులాబీ రేకులు రాలుతుంటే ఆర్థస్ సింహాసనం దాకా నడిచి వెళ్తాడు. ఆ బొమ్మతో వర్ణన పోటీ పడలేదు. అక్కడ కొత్త కారణం చెప్పాల్సిన అవసరం కలిగిందంటే మూడో మెట్టు సరిగా పడలేదు. వెనక్కి వెళ్లి దాన్నే తిరగరాయండి.