ఏగిస చెట్టు కోసం నల్లమలకు

మార్కాపురం దాటి దోర్నాల దారి పట్టేసరికి రెండు వైపులా కంది చేలు, వాటి వెనక నల్లమల కొండలు. దసరా వెళ్లి ఎన్నో రోజులు కాలేదు. వానాకాలంలో, జులై నుంచి సెప్టెంబర్ దాకా, పులుల అడవిలోకి సందర్శకులను రానివ్వరు. అందుకే అక్టోబర్ వచ్చేదాకా ఆగి బయలుదేరాను. దోర్నాల సెంటర్లో శ్రీశైలం వెళ్లే బస్సులు, కార్లు బారులు తీరి ఉన్నాయి. మల్లన్నకు బండి దగ్గరే దండం పెట్టుకున్నాను. ఈసారి నేను వచ్చింది ఏగిస చెట్టును చూడటానికి. కొందరు పెద్దేగి అంటారు. ఆయుర్వేదంలో విజయసారం అనే పేరుతో కనిపిస్తుంది.

ఒంగోల్లో మా మేనమామకు చాలాకాలంగా షుగర్ ఉంది. రాత్రి ఏగిస చెక్క గ్లాసులో నీళ్లు పోసి ఉంచి పొద్దున్నే తాగుతాడు. ఎవరో తెచ్చిచ్చిన పట్ట పొడి కూడా వాడుతున్నాడు. "అడవిలో కావలసినంత ఉందమ్మా, దానికేం కొదవ" అన్నాడు ఒకరోజు. ఆ మాట నన్ను వదల్లేదు. నిజంగా కావలసినంత ఉందా అని చూసి రావాలనిపించింది.

అటవీ శాఖలో పనిచేసే నా స్నేహితురాలు అనుమతి సంగతి చూసుకుంది. ఘాట్ రోడ్డు పక్కన ఉన్న ఒక చెంచు గూడెం నుంచి ఒక పెద్దాయన, ప్రొటెక్షన్ వాచర్‌గా పనిచేస్తున్న ఆయన మనవడు మాతో వచ్చారు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 1983 నుంచి పులుల సంరక్షణ కింద ఉంది. దేశంలో ఉన్న టైగర్ రిజర్వుల్లో విస్తీర్ణంలో ఇదే పెద్దది. ఇక్కడ కాపలా పనిలో చెంచు యువకులు చాలామంది ఉన్నారు. ఎండుటాకు మీద అడుగు పడినా ఏ జంతువుదో చెప్పగలిగేవాళ్లు కాబట్టి ఆ పని వాళ్లకే తగినది.

చిరుమాను, నల్లమద్ది, వెదురు పొదలు దాటుకుంటూ పోతుంటే ఒకచోట సన్నటి తీపి వాసన తగిలింది. తలెత్తి చూస్తే పసుపు పూలు. చెట్టు నిండా తేనెటీగల మోత. "ఇదేనమ్మా ఏగిస. పూత అయిపోవచ్చింది, వారం ముందు రావాల్సింది" అన్నాడు తాత. కింద నేలంతా పూలే. ఒక కొమ్మకు అప్పుడే పడ్డ లేత కాయలు కనిపించాయి, గుండ్రంగా పల్చగా, చుట్టూ రెక్క లాంటి అంచుతో. ఎండాక గాలికి ఎగిరి దూరం పోయి పడతాయి. రెమ్మకు ఐదు నుంచి ఏడు దాకా ఆకులు, ప్రతి ఆకు కొసన చిన్న నొక్కు. ఎర్రచందనం దీనికి స్వయానా తోబుట్టువు, రెండూ టెరోకార్పస్ ప్రజాతివే. ఎర్రచందనానికి మాత్రం రెమ్మకు సాధారణంగా మూడు ఆకులే ఉంటాయి.

కాండం మీద ఎప్పుడో గొడ్డలి తగిలిన పాత గాయం ఒకటుంది. అందులోంచి కారిన ఎర్రటి రసం గడ్డకట్టి దానిమ్మ గింజల్లా మెరుస్తోంది. నేను చేయి చాపితే తాత ఒక పలుకు ఊడదీసి ఇచ్చాడు. నోట్లో వేసుకుంటే నాలుక ముడుచుకుపోయేంత వగరు. టానిన్లు ఎక్కువగా ఉండటం వల్ల వచ్చే వగరు అది. ఈ జిగురునే కైనో అనే పేరుతో మలబారు తీరం నుంచి ఓడల్లో విదేశాలకు పంపేవారు. బ్రిటన్ అధికారిక మందుల గ్రంథం బ్రిటిష్ ఫార్మకోపియాలో కూడా దానికి చోటు దక్కింది.

"పన్ను నొప్పెడితే శనగ గింజంత పెట్టి అదిమిపెడతాం. విరేచనాలు పట్టుకుంటే కొంచెం నీళ్లలో కలిపి తాగిస్తాం. కత్తికి తెగితే పొడి చేసి అద్దుతాం, రక్తం ఆగుతాది. సెగ్గడ్డలకు ఆకు నూరి కడతాం." తాత ఒక్కోటీ చెప్తుంటే మనవడు కూడా నాతో సమానంగా వింటున్నాడు. వాటిలో కొన్ని అతనికీ కొత్తేనట. నాకు దిగులేసింది. అడవి జాడలన్నీ తెలిసిన పిల్లాడికి కూడా చెట్టు వైద్యం సగమే అందిందన్నమాట. గూడేనికి ఆర్‌ఎంపీ డాక్టరు వస్తాడు, మందు బిళ్లలు దొరుకుతాయి. అది మంచిదే. కానీ తాత దగ్గర ఉన్నది రాసిపెట్టినవాళ్లు ఎవరూ లేరు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ, అక్కడి చెట్టూ జంతువూ గురించి జనానికి తెలిసింది రాసిపెట్టే జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. అలాంటి రిజిస్టర్లలో మొదటి పేజీలు ఇలాంటి తాతలు చెప్పగా రాయాల్సినవి.

మందు ఎంత కావాలో, చెట్టు నుంచి ఎంత పట్ట తీయాలో ఆయనకు ఖచ్చితమైన లెక్క ఉంది. అరచేతి వెడల్పున, నిలువుగా, ఒకే వైపు. మళ్లీ ఆ చెట్టు జోలికి పోవాలంటే ఆ గాయం పూడాలి. అప్పుడైనా రెండో వైపే.

ఆ లెక్క ఎందుకో కొంచెం పైకి ఎక్కాక అర్థమైంది. వాగు ఒడ్డున ఒక పెద్ద ఏగిస. మొదలు నుంచి మనిషి ఎత్తు దాకా చుట్టూ బెరడు ఒలిచేశారు. పైన కొమ్మలు మోడుబారి ఉన్నాయి. ఆకుల్లో తయారైన ఆహారం లోపలి బెరడు గుండానే వేళ్లకు దిగుతుంది. చుట్టూ ఒలిస్తే వేళ్లకు తిండి ఆగిపోతుంది. అయినా చెట్టు వెంటనే చావదు. బెరడు కింద ఉండే లేత కలపలోంచి నీళ్లు పైకి వెళ్తూనే ఉంటాయి కాబట్టి కొంతకాలం పచ్చగానే నిలబడి, వేళ్లలో దాచుకున్నది అయిపోయాక ఎండుతుంది. పట్ట ఒలుచుకుపోయినవాడు అప్పటికి ఎక్కడుంటాడో, తాను చెట్టును చంపానని అతనికి తెలుస్తుందో లేదో. తాత ఆ మొదలు మీద చేయి వేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నీడలో కూర్చుని సద్ది విప్పుకున్నాక మామయ్య సంగతి చెప్పాను. స్నేహితురాలికి ఈ విషయం బాగా తెలుసు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పర్యవేక్షణలో విజయసారం మీద జరిగిన పరీక్ష ఫలితాలు 1998లో వచ్చాయి. షుగర్ కొత్తగా బయటపడిన వాళ్లకు రోజుకు 2 నుంచి 4 గ్రాముల సారం ఇస్తే, 12 వారాల్లో 97 మందిలో 67 మందికి చక్కెర అదుపులోకి వచ్చింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ పోల్చి చూడటానికి వేరే మందు వాడిన గుంపు గానీ, మందు వాడని గుంపు గానీ అందులో లేదు. పైగా అది తూచి ఇచ్చిన సారం, డాక్టర్ల కళ్ల ముందు, తేలికపాటి షుగర్ ఉన్నవాళ్లకు. గ్లాసులో నీళ్లు రంగు మారినంత మాత్రాన ఎంత మందు దిగిందో ఎవరు చెప్పగలరు? కొన్నాళ్లకు ఆ రంగు కూడా దిగదు, ఇంకో గ్లాసు కొంటారు. దాన్ని నమ్ముకుని బిళ్లలు మానేసేవాళ్లను తలుచుకుంటే నాకు టెన్షన్ వస్తుంది. ఇంటికి వెళ్లగానే మామయ్యతో ముందు, గత రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించాలని అక్కడే అనుకున్నాను.

ఇంకో విషయం కూడా ఉంది. పట్టనైతే చెట్టును బతకనిచ్చి తీసుకోవచ్చు. గ్లాసుకు కావలసింది చేవ, అంటే కాండం నడిమి ముదురు కలప. చేవ కావాలంటే చెట్టు కూలాల్సిందే, అదీ ముదురు చెట్టు. దర్వాజాలకు, బండ్లకు ఒకప్పుడు ఈ కలపనే వాడేవారు. ఆకు పశువులకు ఇష్టమైన మేత కాబట్టి కొమ్మలు కూడా నరికేవారు. ఇప్పుడు వాటికి షుగర్ మందు వ్యాపారం తోడైంది. గిద్దలూరు వైపు అడవుల్లో ఎర్రచందనం కోసం తనిఖీలు, కేసులు, చెక్‌పోస్టులు ఉన్నాయి. 1995 నుంచి దాని అంతర్జాతీయ వాణిజ్యం మీద, అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం నియంత్రణ కూడా ఉంది. ఉండాల్సిందే. కానీ దాని తోబుట్టువు గురించి అడిగేవాళ్లు లేరు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ఏగిస ప్రమాదానికి చేరువలో ఉన్న జాతి. అభయారణ్యం లోపల బయటివాళ్లు అనుమతి లేకుండా దీని ఆకు కోసినా నేరమే. బయట సంచుల్లో పట్ట అమ్ముతుంటే మాత్రం ఏ అడవిలోంచి వచ్చిందని ఎవరూ అడగరు. కొనేవాళ్లం కూడా అడగం.

దిగేటప్పుడు నేల మీద ఏగిస మొలకల కోసం వెతికాం. ఒకటీ అరా తప్ప దొరకలేదు. కాయ తొక్క గట్టిది, అన్నీ మొలవవు. మొలిచినవి కూడా ఎండాకాలంలో పైన ఎండి, వేరు మాత్రం బతికి, వానలకు మళ్లీ చిగురిస్తాయి. అలా ఏళ్ల తరబడి ప్రతి ఏడూ మొదటికొచ్చి, చివరికి ఎప్పుడో కాండం నిలదొక్కుకుంటుంది. ఈలోగా నిప్పు రాకూడదు. కాయలు ఎండి రాలేది శీతాకాలం చివర, నల్లమలలో మంటలు మొదలయ్యేదీ ఫిబ్రవరి దాటాకే. రాలిన కాయలు ఎండు గడ్డితో పాటే కాలిపోతున్నాయని వాచర్ కుర్రాడు చెప్పాడు. మంటలు పాకకుండా గడ్డి తీసి ఫైర్ లైన్లు వేసే పనిలో తను కూడా ఉంటాడట. పెద్ద ఏగిసలు ఎక్కడున్నాయో అతనికి తెలుసు కాబట్టి ఆ చెట్ల చుట్టూ ముందే గడ్డి తీయిస్తే ఎలా ఉంటుందని స్నేహితురాలు అడిగింది. అడిగిందే తడవు, వేలి మీద లెక్కబెడుతూ ఒక్కో వాగు పేరూ చెప్పుకుంటూ పోయాడు.

వచ్చేటప్పుడు దారిలో ఒక ప్రైవేటు నర్సరీలో ఆగాను. టేకు ఉంది, ఎర్రచందనం ఉంది, శ్రీగంధం ఉంది. ఏగిస అంటే ఆ పేరే వినలేదన్నారు. అటవీ శాఖ నర్సరీలోనైనా పెంచమని అర్జీ రాసి స్నేహితురాలికి ఇచ్చాను. కాయలు ఎండాక, మంటలకు ముందు, అనుమతితో ఏరిస్తే వానలకు మొక్కలు తయారవుతాయంది. మొదటి విడత గూడెం చుట్టూ నాటడానికి ఇవ్వమని తాత ముందే అడిగి పెట్టుకున్నాడు. ఆ చెట్లు ఎదిగితే పట్ట కోసం లోపలికి పోవాల్సిన పని ఉండదు, మనవడికి నేర్పడానికి చెట్టు కూడా గుమ్మం ముందే ఉంటుందన్నాడు.