ఒక ఫైలుకి ఒక లైను

మ్యూనిక్‌లో ఏం పని చేస్తావురా అని అమ్మ అడిగితే లిస్టులు రాస్తానమ్మా అంటా. నవ్వుద్ది గానీ, పోయిన చలికాలం నిజంగా అదే పని.

మా టీం నెట్‌వర్క్ బాక్సులకి ఆపరేటింగ్ సిస్టం బిల్డ్ చేస్తుంది. ప్యాకేజీలు కట్టాలంటే ఏ ఫైలు ఎందులోకి పోవాలి, ఓనరెవరు, మోడెంత (ఎవరు చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అని చెప్పే అంకె) అని చెప్పే లిస్టు ఉండాలి కదా, మా దగ్గర లేదు. ఫోల్డర్‌లో ఏముంటే అది టార్ కొట్టి, అంటే ఒకే మూటగా కట్టి పంపడమే, అదీ రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) రన్ చేసి, లేకపోతే ఫైళ్ళన్నీ బిల్డ్ యూజర్ పేరు మీద పడతాయి మరి.

ఫార్మాట్ డిజైన్ నాకూ ఒక జర్మన్ కొలీగ్‌కీ పడింది. ఆయన యామల్ (సెట్టింగులు రాసుకునే ఒక టెక్స్ట్ ఫార్మాట్) అన్నాడు, నీట్‌గా ఉంటుందని. సరే అన్నా. రెండు వారాలకి టెస్ట్ బాక్సులో పర్మిషన్లు పిచ్చిపిచ్చిగా వచ్చాయి. తవ్వితే ఏంటంటే, మేం రాసిన 0755ని యామల్ 1.1 ప్రకారం చదివే ప్రోగ్రాం ఆక్టల్‌గానే (ఎనిమిది మీద నడిచే లెక్క, మోడ్‌లు రాసేది అలాగే) తీసుకుంది, 1.2 ప్రకారం నడిచే ఇంకో టూల్ మాత్రం మామూలు ఏడొందల యాభై ఐదు అనుకుంది. దాన్ని ఆక్టల్ చేస్తే 1363, అంటే స్టికీ బిట్ అనే మేం అడగని ప్రత్యేక గుర్తు ఆన్, ఫైలు ఓనర్‌కే చదివే హక్కు లేదు! కోట్స్ పెడితే సరిపోతుందన్నాడాయన. ఎవరో ఒకరు పెట్టడం మర్చిపోతారుగా.

బీఎస్‌డీ (ఒక పాత యూనిక్స్ రకం) వాళ్ళ ఎం-ట్రీ అనే ఫైళ్ళ లిస్టు ఫార్మాట్ చూపించా, 1990 నాటి 4.3బీఎస్‌డీ-రెనో నుంచీ ఉంది. ఫుల్ పాత్, టైపు, ఓనర్, గ్రూపు, మోడ్, అన్నీ ఒకే లైన్లో. వేరే యూజర్‌గా మారే ఎస్‌యూ కమాండ్ అయితే ఓనర్ రూట్, గ్రూపు వీల్, మోడ్ 4555. డిస్క్ మీద ఓనర్ ఎవరైనా పర్లేదు, లిస్టులో ఉన్నదే లెక్క, కాబట్టి రూట్ అక్కర్లేదు. పేర్లో స్పేస్ ఉంటే ఆక్టల్ 040గా రాస్తే సరి.

ప్రతి లైన్లో యూఎస్ఆర్-లిబ్ అని ఫోల్డర్ పేరు ఎందుకు మళ్ళీ మళ్ళీ అని ఆయన గొడవ. మా పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం గురించి చెప్పా: పేరు, ఊరు, రూపాయలు, సగం మంది ఒకే ఊరోళ్ళైనా ప్రతి లైన్లో ఊరు రాయాల్సిందే, లేకపోతే పదేళ్ళ తర్వాత 516 ఇచ్చిన వెంకటేశ్వర్లు ఏ వెంకటేశ్వర్లో ఎవరికి తెలుసు? ఆయనకి చదివింపులంటే ఏంటో చెప్పడానికే లంచ్ అయిపోయింది గానీ, ఒప్పుకున్నాడు.

ఫైలు రకం చెప్పే ఇంకో అక్షరం మాత్రం సొలారిస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం నుంచి తెచ్చుకున్నాం: ఎఫ్ అంటే మామూలు ఫైలు, ఇ అంటే కాన్ఫిగ్‌లా ఎడిట్ అయ్యేది, వి అంటే లాగ్‌లా రన్నింగ్‌లో మారేది. అప్‌గ్రేడ్‌లో ఒక కస్టమర్ కాన్ఫిగ్ (ఆయన పెట్టుకున్న సెట్టింగులు) మేం తుడిచేసి తిట్లు తిన్నాక వచ్చిన బుద్ధి అది.

మొదటి రివ్యూలోనే కొలీగ్ ఒక లైను దగ్గర ఆగాడు. మోడ్ 4755, దీనికి సెట్‌యూఐడీ (ఎవరు నడిపినా ఓనర్ హక్కులతో నడిపించే గుర్తు) ఎందుకు అన్నాడు. ఆ లైను నాదే, టెస్టింగ్‌కి పెట్టుకుని తీయడం మర్చిపోయా.