వంటింటికి రోలు ఎంచుకున్న విధం

పనసపొట్టు కూరలో పెట్టే ఆవ కోసమే నేను రోలు వెదకవలసి వచ్చింది. అమ్మ వాడిన రోలు ఊళ్ళోని పాత ఇంటి పెరట్లో నేలలోనే ఉండిపోయింది. విశాఖపట్నంలో మూడో అంతస్తులో ఉన్న మా ఫ్లాటుకు దానిని తెచ్చుకునే వీలు లేదు. రెండు చెంచాల ఆవాలను మిక్సీలో వేస్తే సగం గింజలు జారు అంచులకు ఎగిరి అంటుకుంటాయి. ఆవగింజ నలిగి, దానికి తడి తగిలినప్పుడే ఘాటు పుడుతుంది కనుక, ఎండుమిర్చి, ఉప్పు చేర్చి, కాసిని నీళ్ళు చిలకరిస్తూ రాతి మీద మెత్తగా నూరినప్పుడు వచ్చే ఆవ నాకు మిక్సీలో ఒక్కనాడూ రాలేదు.

మొదట నేను పొరపాటు చేశాను. ఒక దుకాణంలో తెల్లని పాలరాతి రోలు చూసి, ముచ్చటపడి కొన్నాను. దానిలోనే చింతపండు వేసి దోసకాయ పచ్చడి నూరడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి అడుగున నునుపు పోయి, వేలితో తడిమితే సున్నం లాంటి పొడి తగిలింది. పాలరాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేటు, అది పులుపు తగిలితే కరుగుతుంది. పైగా మోస్ కొలతలో దాని గట్టిదనం సుమారు 3 మాత్రమే, అదే గ్రానైటుకు 6 నుంచి 7 దాకా ఉంటుంది. యాలకులకూ మిరియాలకూ పాలరాయి సరిపోతుంది, చింతపండుతో నూరే పచ్చళ్ళకు మాత్రం పనికిరాదు. ఇత్తడి హమాందస్తా కూడా పొడి దినుసులకే మంచిది, పులుపు తగిలితే కిలుము పడుతుంది. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనితనమంటే నాకెంతో ఇష్టం, అయినా పచ్చడికి రాయే కావాలి.

రెండోసారి పూర్ణా మార్కెట్ దగ్గర నల్లరాతి రోళ్ళు చూశాను. మన విశాఖ కొండల్లో విరివిగా కనిపించే ఖొండలైటు ఎండకూ వానకూ తొందరగా శిథిలమయ్యే రాయి. బీచ్‌లో ఇసుక మీద ఎర్రగా మెరిసే గార్నెట్ రేణువులు అలా విడివడి వచ్చినవే. రేణువులు రాలే రాయి రోలుకు తగదు. అందువల్ల బిగువైన, సన్నని రేణువున్న గ్రానైటునే అడిగాను. తడిగుడ్డతో లోపల తుడిచి, గుడ్డకు నలుపు అంటిన ఒకదానిని రంగు పూసిందని పక్కన పెట్టాను. మేకుతో అడుగున గీస్తే గాటు పడిన మరొకటి బలపపు రాయి అయి ఉంటుందనిపించి, దానినీ వద్దన్నాను.

మిగిలిన రెండింటిలో ఏది తీసుకోవాలో తేలక నిలబడితే, అమ్మే ఆయన గుప్పెడు బియ్యం ఇచ్చి, "నూరి చూసుకోండమ్మా" అన్నారు. ఒక రోలు అడుగు చదునుగా ఉండటంతో పొత్రం తిప్పుతుంటే బియ్యం పక్కలకు జరిగి అక్కడే ఉండిపోయాయి. రెండోదానిలో, లోపలి వంపూ పొత్రం అడుగు వంపూ ఒకదానికొకటి కుదిరి, పక్కలకు వెళ్ళిన గింజలు తమంతట తామే నడిమికి జారివచ్చాయి. దాని లోపల నునుపు పెట్టలేదు, ఉలి గంట్లు వేలికి తెలుస్తున్నాయి. వెడల్పు 8 అంగుళాలు, బరువు సుమారు 8 కిలోలు. నూరేటప్పుడు కదలకుండా ఉండాలంటే ఆ మాత్రం బరువు ఉండాలి.

ఇంటికి తెచ్చాక నానబెట్టిన బియ్యం వేసి నూరితే పిండి బూడిదరంగులో వచ్చింది. ఆ పిండి పారబోసి, కడిగి, మళ్ళీ నూరుతూ పోతే అయిదోసారికి తెల్లగా వచ్చింది. ఆ తరువాత రాళ్ళ ఉప్పుతో వెల్లుల్లి నూరి, అదీ పారబోశాను. కింది వాటాలోని వారికి చప్పుడు వినబడకుండా రోలు కింద గోనెసంచి నాలుగు మడతలు వేసి పరిచాను. దంచడమయితే పగటిపూటే చేస్తాను, నూరడానికి ఆ ఇబ్బంది లేదు. సబ్బు వాడకుండా కొబ్బరిపీచుతో వేడినీళ్ళు పోసి కడుగుతాను. సముద్రపు గాలి తేమకు బూజు పట్టకుండా ఒక పక్కకు ఒరిగించి బాల్కనీలో ఆరబెడతాను.

నిన్న పనసపొట్టు తెచ్చాను. కూర దించి కొంచెం చల్లారాకే ఆవ కలపాలి, వేడి మీద కలిపితే ఘాటు పోతుంది. ఆవాలు ఇప్పుడు రోట్లోనే ఉన్నాయి.