షట్‌డౌన్ అయిపోయాక జీతం ఎంత రావాలి?

సోంపేట, కంచిలి, పలాస వైపు నుంచి సౌదీ వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లలో చాలామందిది షట్‌డౌన్ పనే, అంటే రిపేర్ల కోసం ప్లాంటు ఆపినప్పుడు చేసే కొద్దికాలం పని. ఒకటి ముగిసి ఇంకోటి దొరికేదాకా మనుషుల్ని పనికి పంపే సప్లై కంపెనీ క్యాంపులో కూర్చోబెడుతుంది. ఊళ్లో తెచ్చిన అప్పుకి వడ్డీ మాత్రం ఆగదు.

అప్పుడు పోయేది ఓటీ, అంటే ఓవర్‌టైమ్ డబ్బు. దానికి తగువు లేదు, చెయ్యని గంటలకి ఎవరూ ఇవ్వరు. బేసిక్ 1,200 రియాళ్లు, ఫుడ్ 300 అనుకోండి. మొత్తం 1,500ని నెలకి 240 గంటలతో (30 రోజులు, రోజుకి 8) భాగిస్తే 6.25. దానికి బేసిక్ గంటరేటు 5లో సగం, 2.50 కలపాలి. ఓటీ గంటకి 8.75. రోజుకి 2 గంటలు, 26 రోజులంటే 455. పని లేని నెలలో తగ్గాల్సింది ఈ 455 వరకే. ఏజెంటు "రెండు వేలు వస్తాది" అన్నది ఓటీ కలుపుకుని చెప్పిన మాట. విమానం ఎక్కకముందే కాంట్రాక్టులో బేసిక్ ఎంత రాశారో చూసుకోవాలి, అక్కడికెళ్లాక కాంట్రాక్టులు నమోదయ్యే సౌదీ ప్రభుత్వ కివా యాప్‌లోనూ అదే అంకె ఉండాలి.

"పని లేదు, జీతం లేదు" అనే సూపర్‌వైజర్లు ఉంటారు. సౌదీ కార్మిక చట్టం 62వ ఆర్టికల్ ప్రకారం, మనిషి టైముకి హాజరై పనికి సిద్ధంగా ఉన్నా కంపెనీ కారణంగానే పని ఆగితే, ఆ రోజుల జీతం ఇవ్వాల్సిందే. చిక్కంతా రుజువు దగ్గరే వస్తుంది. అందుకే పని లేకపోయినా హాజరు పంచ్ కొట్టాలి. పంచ్ మెషిన్ లేకపోతే ఫోర్‌మన్‌కి రోజూ పొద్దున్నే "డ్యూటీకి సిద్ధంగా ఉన్నాను" అని వాట్సాప్ పెట్టి, ఆ మెసేజ్‌లు చెరపకుండా ఉంచాలి.

అన్నిటికన్నా ప్రమాదం కంపెనీ సంతకానికి ఇచ్చే, అరబీలో ఉన్న కాగితం. అది జీతం లేని సెలవు దరఖాస్తు కావచ్చు. సంతకం పెడితే సెలవు మీరే అడిగినట్టు. ఆ సెలవు 20 రోజులు దాటితే, వేరే ఒప్పందం లేకుంటే, అక్కడినుంచి కాంట్రాక్టు ఆగినట్టే లెక్క. చదివించుకోకుండా సంతకం వద్దు.

ఖాళీగా ఉన్నాం కదా అని బయట పనికి పోవడం ఇంకో తప్పు. వేరే కంపెనీకి పంపాలంటే మీ కంపెనీ ద్వారా అజీర్ అనే ప్రభుత్వ పర్మిట్ ఉండాలి. అది లేకుండా దొరికితే శిక్ష మనిషికీ ఉంటుంది.

జీతం ఆగితే కార్మిక శాఖకి ఫిర్యాదు చెయ్యాలి. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే లేబర్ కోర్టు. బ్యాంకు స్టేట్‌మెంట్, కాంట్రాక్టు, ఇకామా (సౌదీలో ఉండేందుకిచ్చే గుర్తింపు కార్డు) కాపీలు ఊళ్లో ఇంటివాళ్ల ఫోన్లోనూ ఉంచండి.